మెత్తని స్వరం అబద్ధమా?

నిజమే చెప్పాలి, అది వినేవాడికి ఇంపుగా ఉండేట్టు చెప్పాలి, నొప్పించే నిజం చెప్పకూడదు, ఇంపుగా ఉంది కదా అని అబద్ధమూ చెప్పకూడదు అని మన పెద్దలు ఒక నీతి చెప్పారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాస్త ఆగి ఆలోచిస్తే మాత్రం ఈ నాలుగు మాటలూ ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకుంటాయి. నిజమంతా నొప్పించేదే అయిన కాలం ఒకటి వస్తే? అప్పుడు ఇంపైన మాట ఏది పలికినా అబద్ధం కిందికే వస్తుందా? నోరు మూసుకు కూర్చోవడమొక్కటే మర్యాదస్తుడికి మిగిలిన దారా?

మాటలతో పని చేసేవాళ్లకి ఈ చిక్కు కొంత నయం. ఫలానా రోజున ఫలానా సంగతి జరిగిందా లేదా అని సాక్ష్యం అడగవచ్చు. సంగీతానికి ఆ సదుపాయం లేదు. తీగ మీద కమాను నడిచి ఒక స్వరం పలికితే అది నిజమో అబద్ధమో ఏ న్యాయస్థానంలో తేలుతుంది? అయినా సంగీతం విన్నప్పుడల్లా "ఇందులో నిజాయితీ ఉంది", "ఇది పైపూత" అని మనం అంటూనే ఉంటాం. అలా అనడానికి మనకున్న ఆధారం ఏమిటి? ఈ ప్రశ్నను గాలిలో అడగడం కన్న ఒక రికార్డును ముందు పెట్టుకుని అడగడం మేలు.

2014లో జర్మనీకి చెందిన ఇ.సి.ఎం. సంస్థ రెండు డిస్కుల సంపుటం ఒకటి విడుదల చేసింది. అందులోని సంగీతమంతా మియెచిస్వావ్ వైన్‌బెర్గ్‌ది. వాయించినవారు గిడోన్ క్రేమర్ అనే వయొలిన్ విద్వాంసుడూ, ఆయన 1997లో లాత్వియా, లిథువేనియా, ఎస్తోనియా దేశాల యువ వాద్యకారులతో కూర్చిన 'క్రెమెరాటా బాల్టికా' అనే ఛేంబర్ ఆర్కెస్ట్రా. సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ఎనభై తొంభై మంది; ఇత్తడి బాకాలూ, పెద్ద డోళ్లూ అన్నీ ఉంటాయి. ఛేంబర్ ఆర్కెస్ట్రా అంటే పాతికమందికి అటో ఇటో, ముఖ్యంగా తీగవాద్యాలు. పెద్ద మేళంలో ఒకరి తడబాటు పదిమంది చప్పుడులో కలిసిపోతుంది. చిన్న బృందంలో ఎవరూ ఎవరి వెనకా దాక్కోలేరు. మన ప్రశ్నకి ఇంత చిన్న బృందమే తగినది.

వయొలిన్ మనకి పరాయిది కాదు. రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో తెల్లవాళ్ల దగ్గర దాన్ని నేర్చుకుని మన బాణీకి మలిచాడు. అప్పటినుంచీ అది మన కచేరీలో గాయకుడి పక్కన కూర్చుని అతను పాడినదాన్ని తిరిగి పలుకుతోంది. గొంతుకి అంత దగ్గరగా రాగల వాద్యం మరొకటి తక్కువ. అందుకే వయొలిన్ అబద్ధమాడుతోందని ఎవరైనా అంటే మనిషే అబద్ధమాడుతున్నట్టు మనకి తోస్తుంది.

ఈ వైన్‌బెర్గ్ ఎవరు? 1919లో వార్సాలో, యూదుల ఇంట్లో పుట్టాడు. తండ్రి యిద్దిష్ నాటకశాలల్లో వయొలిన్ వాయించేవాడు, సంగీతం కూర్చేవాడు. పిల్లవాడు పియానో దగ్గర కూర్చుని ఆ మేళంలోనే పెరిగాడు. 1939 సెప్టెంబరులో హిట్లర్ సేనలు పోలెండు మీద పడ్డప్పుడు అతను తూర్పు దిక్కుగా కాలినడకన బయలుదేరాడు. చెల్లెలు కూడా కొంతదూరం వచ్చింది. చెప్పులు కరిచి నడవలేక వెనక్కి వెళ్లిపోయింది. ఇంటికి తిరిగిన ఆ చెల్లెలూ, ఇల్లు కదలని తల్లిదండ్రులూ ఆ తరువాత నాజీల చేతుల్లో చనిపోయారు. వాళ్లకి ఏ గతి పట్టిందో అతనికి రూఢిగా తెలియడానికి ఏళ్లకేళ్లు పట్టింది.

సోవియట్ సరిహద్దు దగ్గర కాపలావాడు పేరు అడిగాడు, యూదువాడని తెలుసుకున్నాడు, కాగితం మీద 'మొయిసేయ్' అని రాసుకున్నాడు. 1982లో అసలు పేరు తిరిగి వచ్చేదాకా ప్రభుత్వ కాగితాల్లో అతను మొయిసేయ్‌గానే ఉండిపోయాడు. ఇంటిపేరు ముందుండాలో వెనకుండాలో తెలియని గుమాస్తా రాసిన పేరుతోనే జీవితమంతా నెట్టుకొచ్చినవాళ్లు మన పాఠకుల్లోనూ ఉంటారు. అయితే మనది గుమాస్తా పొరపాటు. అతనిది ప్రాణంతో బయటపడినందుకు చేతికిచ్చిన రసీదు. తనని బతకనిచ్చిన దేశమని ఆ దేశం మీద అతనికి కడదాకా కృతజ్ఞత ఉండేది. మన ప్రశ్నను ఇది మరింత బిగిస్తుంది. ప్రాణం నిలిపిన చేయే గొంతు నొక్కితే ఆ మనిషి ఏ స్వరం పలకాలి?

ఆ నొక్కడం 1948లో వచ్చింది. జనవరిలో మిన్‌స్క్ నగరంలో అతని మామగారు సొలొమోన్ మిఖోయెల్స్ హత్యకు గురయ్యాడు. మిఖోయెల్స్ మాస్కో యిద్దిష్ రంగస్థలానికి మకుటం లేని రాజు. స్టాలిన్ మనుషులే చంపి, దాన్ని లారీ ప్రమాదంగా చూపించి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించారు. ఫిబ్రవరి 10న పార్టీ కేంద్ర కమిటీ సంగీతం మీద తీర్మానం చేసింది. షోస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ వంటివాళ్ల సంగీతం ప్రజలకి అర్థంకాని గజిబిజి అని, స్వరకర్తలు జనం పాడుకునే సులువైన, మధురమైన సంగీతం రాయాలని దాని సారాంశం. షోస్తకోవిచ్‌కి రెండు నగరాల్లోని అధ్యాపక పదవులూ పోయాయి. వైన్‌బెర్గ్ రచనలు కొన్ని నిషేధపు జాబితాకెక్కాయి.

ఆ సంవత్సరమే ఈ ఇద్దరు మిత్రుల చేతుల్లో రెండు వయొలిన్ రచనలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

షోస్తకోవిచ్ తన మొదటి వయొలిన్ కన్సెర్టో 1947లో మొదలుపెట్టాడు. తీర్మానం వచ్చేనాటికి దాని మధ్యలో ఉన్నాడు. నాలుగు భాగాల ఆ రచనలో ఎక్కడా రాజీ లేదు. మొదటి భాగం అర్ధరాత్రి ఒంటరి నడక. మూడో భాగంలో ఒకే మంద్ర స్వరమాల మళ్లీ మళ్లీ అడుగులు వేస్తుంటే దాని మీద వయొలిన్ శోకిస్తుంది. ఆఖరికి తోడు వాద్యాలన్నీ తప్పుకుంటే చాలాసేపు ఒక్కతే మాట్లాడుతుంది. రాయడం పూర్తిచేసి ఆయన దాన్ని సొరుగులో పెట్టేశాడు. స్టాలిన్ 1953లో పోయాడు. కన్సెర్టో బయటికి వచ్చింది 1955 అక్టోబరులో. లెనిన్‌గ్రాడ్‌లో డేవిడ్ ఓయిస్త్రాఖ్ దాన్ని వాయించాడు.

వైన్‌బెర్గ్ రాసింది వయొలిన్‌కీ తీగవాద్యాల బృందానికీ చిన్న 'కన్సెర్టినో'. మూడు భాగాలు. వయొలిన్ మొదట్లోనే పాట అందుకుంటుంది. ఎక్కడా అరుపు లేదు, పళ్లు కొరకడం లేదు. ఒకసారి విన్నవాడు రెండోసారికి కూనిరాగం తీయగలడు. రెండో భాగం మొదట్లో వయొలిన్ కాసేపు ఒంటరిగా మాట్లాడుతుంది. ఆ మాటలో దిగులుంది, ఫిర్యాదు లేదు. ఇంట్లో మామగారి శవం లేచిన ఏడాది ఇది. సులువుగా, మధురంగా రాయండని హుకుం వచ్చిన ఏడాది కూడా ఇదే.

వెంటనే తోచే తీర్పు ఒకటుంది. షోస్తకోవిచ్ నిజం రాసి దాచుకున్నాడు, వైన్‌బెర్గ్ ఏ ఎండకా గొడుగు పట్టాడు. ఒకరిది ధైర్యం కాకపోయినా మౌనమైన సత్యం, మరొకరిది మధురమైన అబద్ధం. ఇలా అనుకోవడం మనకి అలవాటే. పోతన రాజుకి అంకితమివ్వలేదు, శ్రీనాథుడు ఇచ్చాడు అన్న కథను తరతరాలుగా చెప్పుకుంటూ ఒకరికి హారతీ, మరొకరికి చురకా ఇస్తూనే ఉన్నాం. రెండు బొమ్మలు ఎదురెదురుగా ఉంటే నీతి తేలిగ్గా చెప్పవచ్చు.

కాని ఈ తీర్పు మొదటి అడుగులోనే తొట్రుపడుతుంది. కన్సెర్టోను సొరుగులో దాచిన షోస్తకోవిచే 1949లో స్టాలిన్ అడవుల పెంపకాన్ని కీర్తిస్తూ 'అడవుల పాట' అనే పెద్ద గేయరచన చేశాడు. మరుసటి ఏడాది దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. దాచినవాడూ పొగిడినవాడూ ఒక్కడే. ఇటు వైన్‌బెర్గ్ సంగతి చూస్తే, కన్సెర్టినోకి ముందు అదే ఏడాది రాసిన 'సిన్ఫొనియెట్టా'లో యూదుల జానపద బాణీలు వినిపిస్తాయి. స్వరకర్తల సంఘానికి పెద్ద అయిన ఖ్రెన్నికోవ్ ఆ రచనను సభలో మెచ్చుకున్నాడు. మిఖోయెల్స్‌ని చంపిన ప్రభుత్వమే అతని అల్లుడి యూదు బాణీలకి శెభాష్ అంది! ఇందులో ఎవరు ఎవర్ని మోసగించినట్టు?

ఇంకొక మాట. సొరుగులో దాచుకోవడం కూడా ఒక రకం కలిమి. షోస్తకోవిచ్‌కి అప్పటికే ప్రపంచమంతటా పేరుంది. ఆ రచన కోసం ఎదురుచూసే ఓయిస్త్రాఖ్ ఉన్నాడు. రేపు అనేది ఒకటి ఉందని ఆయన నమ్మవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ల కాందిశీకుడికి ఆ రేపు ఎవరు రాసిచ్చారు? నాటకాలకీ సర్కసుకీ సంగీతం రాసి ఇల్లు నడుపుకుంటున్నాడు. తరువాతి కాలంలో మనలో చాలామంది ఫిల్మ్ సొసైటీలలో చూసిన 'ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్' చిత్రానికి సంగీతం అతనిదే. రష్యా పిల్లలు చూసిన 'విన్నీ ది పూ' కార్టూనుకీ అతనిదే. ఇదంతా సానుభూతే గాని జవాబు కాదని నాకూ తెలుసు. లేమి అబద్ధాన్ని అర్థమయ్యేట్టు చేస్తుంది, నిజం చేయదు.

కాబట్టి అసలు ప్రశ్నకే రావాలి. మెత్తని స్వరం ఎప్పుడు అబద్ధమవుతుంది? మన భారతంలోనే దీనికి ఒక ఆధారం దొరుకుతుంది. అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు గట్టిగా అన్నాడు, చనిపోయింది ఏనుగని మెల్లగా అన్నాడు. మాటల్లో అసత్యమేమీ లేదు. అయినా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచే అతని రథం నేలకి దిగింది. ఎందుకని? మెల్లగా అన్నందుకు కాదు. ద్రోణుడు తప్పుగా వినాలన్న ఉద్దేశంతో మెల్లగా అన్నందుకు. స్వరం హెచ్చుతగ్గుల్లో దోషం లేదు, వినేవాడిని ఏమార్చాలన్న తలపులో ఉంది. గట్టిగా అరిచే సంగీతం కూడా ఏమార్చగలదు. విజయగీతాలన్నీ చేసేది అదే.

ఈ కొలతతో చూస్తే 'అడవుల పాట' దొరికిపోతుంది. అంతా బాగుంది, అందరం సుఖంగా ఉన్నాం అని అది వినేవాడికి చెబుతుంది. మరచిపొమ్మంటుంది. కన్సెర్టినో అలాంటి మాట ఏదీ చెప్పదు. దానికి పల్లవిలో నాయకుడు లేడు, అంకితంలో పార్టీ లేదు. అది ఎవరి గాయం మీదా గుడ్డ కప్పడం లేదు. దెబ్బతిన్న మనిషి చేయి ఇంకా మెత్తగా కదలగలదా అని తనని తాను పరీక్షించుకుంటున్నట్టు నాకు వినిపిస్తుంది. క్రూరమైన కాలం మనిషికి చేసే పెద్ద హాని అతన్ని ఏడిపించడం కాదు, తన అచ్చులోకి అతన్ని పోసుకోవడం. ఏడిచినవాడు మళ్లీ నవ్వవచ్చు. మొద్దుబారినవాడికి రెండూ రావు. ఆ ఏడాది ఒక లాలిత్యాన్ని కాపాడుకోవడం కూడా నిజం వైపు నిలబడటమే అనిపిస్తుంది.

అయితే "నాకు వినిపిస్తుంది" అన్నది సాక్ష్యం కాదు. మరొకరికి అందులో లొంగుబాటే వినిపించవచ్చు. వినేవాడి దయాగుణాన్ని బట్టి తీర్పు మారేట్టయితే అది తీర్పే కాదు. ఇక్కడే ఈ రికార్డు మనకి ఒక దారి చూపిస్తుంది. అది కన్సెర్టినోను ఒంటరిగా బోను ఎక్కించలేదు. ఇరుగుపొరుగుతో సహా తీసుకొచ్చింది.

పొరుగున ఉన్న రచన పదవ సింఫనీ. 1968లో వైన్‌బెర్గ్ దాన్ని రుడోల్ఫ్ బర్షాయ్ కోసం, ఆయన 1955లో నెలకొల్పిన మాస్కో ఛేంబర్ ఆర్కెస్ట్రా కోసం, తీగవాద్యాలకి మాత్రమే రాశాడు. కన్సెర్టినోలో పాట పాడిన తీగలే ఇక్కడ గీరుకుంటాయి, వాదించుకుంటాయి, ఒక్కొక్కటి గుంపు నుంచి విడివడి ఒంటరిగా నిలబడతాయి. ఒకప్పుడు గజిబిజి అని ముద్రవేసి వెలివేసిన పన్నెండు స్వరాల పద్ధతిని అతను ఇందులో వాడుకున్నాడు. సులువుగా రాయమన్న హుకుంకి ఇరవై ఏళ్ల తరువాత వచ్చిన జవాబు ఇది. ఆ ఏడాదే ఆష్‌విట్జ్ శిబిరం కథతో 'ది పాసెంజర్' ఆపెరా పూర్తిచేశాడు. అది అతను బతికుండగా రంగస్థలం ఎక్కలేదు. 2006లో మాస్కోలో కచేరీగా వినిపించారు, 2010లో ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లో తొలిసారి నాటకంగా ఆడారు. సొరుగులో దాచుకోవడం ఏమిటో అతనికీ తెలిసొచ్చింది.

మరొక పొరుగు, 1979లో రాసిన ఏక వయొలిన్ సొనాటా. తోడు ఎవరూ లేరు, క్రేమర్ ఒక్కడే వాయిస్తాడు. దాన్ని వైన్‌బెర్గ్ తన తండ్రి స్మృతికి అంకితమిచ్చాడు. కమాను తీగల్ని కోస్తున్నట్టుగా మొదలై, మధ్యలో అక్కడక్కడ పాత నాటకశాల నృత్యమేదో తునకలు తునకలుగా గుర్తొచ్చినట్టై, చివరికి సన్నగిల్లిపోతుంది. ఇది విన్న తరువాత కన్సెర్టినో దగ్గరికి వెళితే అది వేరే రచన అయిపోతుంది. వయొలిన్ అతని తండ్రి వాద్యం. 1948లో ఆ వాద్యంతో అంత మెత్తగా పాడించినప్పుడు అతను ఎవరి గొంతు కోసం చెవి ఒగ్గి ఉంటాడో మనం ఊహించవచ్చు. అది ఊహే. ఐతే ఇప్పుడు ఆ ఊహకి ఒక ఆధారం ఉంది.

ఇంకొక సాక్ష్యం సంగీతం వెలుపల ఉంది. మాధుర్యం అమ్ముకుని రక్షణ కొనుక్కున్నాడని అనేవాళ్లు 1953 సంగతి చూడాలి. ఫిబ్రవరిలో పోలీసులు వైన్‌బెర్గ్‌ను పట్టుకుపోయారు. యూదు జాతీయవాదం అతని మీద మోపిన నేరం. మధురంగా రాసిన రచనలేవీ అతనికి అడ్డం పడలేదు. అప్పుడు షోస్తకోవిచ్ నేరుగా బేరియాకి ఉత్తరం రాశాడు. వైన్‌బెర్గ్ భార్యని కూడా పట్టుకుపోతే వాళ్ల కూతురిని తమ ఇంట పెంచుకోవడానికి షోస్తకోవిచ్ దంపతులు సిద్ధపడ్డారు. మార్చిలో స్టాలిన్ చనిపోయాడు, ఏప్రిల్ నెలాఖరుకి వైన్‌బెర్గ్ విడుదలయ్యాడు. 'అడవుల పాట' రాసిన చేయే బేరియాకి ఉత్తరం రాసింది. ఆ చేయే 1973లో సఖారోవ్‌ని నిందించే ప్రకటన కింద సంతకం చేసినవాళ్లలోనూ ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి, రావడం న్యాయం కూడా. ఇలా ఇరుగుపొరుగుని చూసి తీర్పు చెప్పాలంటే ప్రతి భజనపరుడూ "నా మిగతా రచనలు చూడండి" అని తప్పించుకోడా? తప్పించుకోలేడు. పొరుగు సాక్ష్యం రెండు వైపులా కోస్తుంది. అలమర నిండా తీపే ఉన్నవాడికి ఆ అలమరే శిక్ష వేస్తుంది. పైగా ఇది కూడికలూ తీసివేతల లెక్క కాదు. వయొలిన్ కన్సెర్టో ఎంత గొప్పదైనా 'అడవుల పాట'ను చెరిపేయదు. బేరియాకి రాసిన ఉత్తరం 1973 సంతకాన్ని మాఫీ చేయదు. ఖాతాలో రెండు పద్దులూ ఉంటాయి. ఒకదాన్ని చూపి మరొకదాన్ని కొట్టేయమని అడిగే హక్కు అభిమానులకీ లేదు, ద్వేషులకీ లేదు. మనిషిని మొత్తంగా చూడడమంటే క్షమించడం కాదు, ఏ కాగితమూ చించకుండా చదవడం.

అందువల్ల రికార్డు అనే వస్తువుకి కూడా ఒక నైతిక బాధ్యత ఉందనుకుంటాను. కన్సెర్టినోను మరి నాలుగు తీపి రచనలతో కలిపి ఒక డిస్కు చేసి, సాయంకాలం కాలక్షేపానికి పనికొచ్చే సంగీతంగా అమ్మవచ్చు. అమ్మితే అందులో ఒక్క స్వరమూ మారదు. కాని ఆ మెత్తదనం నిజంగానే అబద్ధంగా మారుతుంది. వైన్‌బెర్గ్ ఆడని అబద్ధాన్ని మనం అతని చేత ఆడించినట్టవుతుంది. దాన్ని తీసుకొచ్చి 1968 పక్కనా 1979 పక్కనా కూర్చోబెట్టడం వల్ల ఆ స్వరానికి దాని నిజం దక్కింది. వాయించింది కూడా తాము పుట్టినచోట ఆ చరిత్ర నీడలోనే పెరిగినవాళ్లు. క్రేమర్ రీగాలో పుట్టాడు, అతని తండ్రి నాజీల మారణకాండ నుంచి ప్రాణాలతో మిగిలినవాడు. వాళ్లు కన్సెర్టినోలోని మెత్తదనానికి అదనంగా కన్నీరు కలపలేదు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే పాడించారు. అది సరైన మర్యాద.

వైన్‌బెర్గ్ 1996లో మాస్కోలో కన్నుమూశాడు. ఇరవై రెండు సింఫనీలూ, పదిహేడు తీగల చతుష్టయాలూ వదిలి వెళ్లాడు. ప్రపంచం అతన్ని వినడం మొదలుపెట్టింది చాలావరకు ఆ తరువాతే. బతికుండగా తనని తప్పుగా విన్నవాళ్లకి అతను బదులు చెప్పుకున్న దాఖలాలు పెద్దగా లేవు, రాస్తూ పోయాడంతే.

పెద్దల నీతిలో నాలుగు మాటలున్నాయని మొదట అనుకున్నాం. అవి చెప్పేవాడికి ఉద్దేశించినవి. వినేవాడి ధర్మం ఏమిటో వాళ్లు అందులో చెప్పలేదు. మెత్తగా మాట్లాడేవాడు కనబడగానే లొంగిపోయాడని అనుకోవడం తేలిక, మెత్తగా ఉన్నాడు కదా అని అతనికి గాయమే లేదనుకోవడం ఇంకా తేలిక. ఈ రెండింటి మధ్యా కాసేపు ఓపిక పట్టి, అతను ఇంకెక్కడ ఏం మాట్లాడాడో, ఎవరి కోసం మాట్లాడాడో అడిగి తెలుసుకున్నాక పెదవి విప్పడమే వినేవాడి వంతు నిజాయితీ.